నిలువు తెరలో గుమ్మం అక్క

గుమ్మం అక్క అసలు పేరేమిటో రోజూ ఎవరెవరు షూటింగుకి రావాలో రాసే మేనేజరుకి కూడా తెలియదు. పదకొండేళ్ళుగా ఆ కాగితంలో ఆమె చోట "గుమ్మం" అనే ఉంటుంది. మా సీరియల్లో ఆమె పని గుమ్మం దగ్గర నిలబడడం. హాల్లో కోడలు ఏడుస్తున్నా, అత్త అరుస్తున్నా, ఎడమవైపు తలుపుకి ఒక చెయ్యి ఆనించి వింటూ ఉంటుంది. ఆ ఇంట్లో ఆమె పనిమనిషో దూరపు చుట్టమో రచయితకే తేలలేదు. ఒకసారి నేనే అడిగాను. ఉండనివ్వవయ్యా, ఇంటికి నిండుగా ఉంటుంది అన్నాడు.

నేను ఆ సీరియలు ఎడిటింగు గదిలో పనిచేస్తాను. ఒకే షాటును రోజుకి ఇరవైసార్లు చూసే ఖర్మ నాది, అందుకే ఆమె నటన గురించి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కోడలి వేషం వేసే హీరోయిన్ కళ్ళలో మందు వేసుకుని ఏడుస్తుంటే నాకు ఆవలింతలు వచ్చేవి. అదే షాటులో ఎడమ మూలన గుమ్మం అక్క కింది పెదవి లోపలికి మడిస్తే షాటు ఆపి మళ్ళీ మొదటి నుంచి చూసేవాణ్ణి. ఒక మాట అంటే అందరి మొహాలూ మూడేసిసార్లు చూపించే సీరియలు మాది. అందరూ అంటే, పేరున్న అందరూ. గుమ్మం అక్క మొహాన్ని విడిగా చూపించిన పాపాన ఎవరూ పోలేదు.

ఆమె అసలు నటి కాదు. దుస్తుల విభాగంలో కుట్టుమిషను మీద పనిచేసేది. ఒకరోజు గుమ్మంలో నిలబడాల్సిన మనిషి రాలేదు. హీరోయిన్ జాకెట్టు భుజం బిగించడానికి సూదీ దారంతో సెట్టు మీదికి వచ్చిన ఈమెను, అమ్మా, ఆ తలుపు దగ్గర కాస్త నిలబడు అన్నాడు డైరెక్టరు. నిలబడింది. ఆ రోజు మొదలు మిషను దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. ఆ మిషను మీద ఇంకెవరో కూర్చున్నారు కూడా.

వాళ్ళాయన ఇదే స్టూడియోలో లైట్లు కట్టేవాడు. ఆరేళ్ళ కిందట నిచ్చెన మీంచి పడి నడుము పోగొట్టుకున్నాడు. అప్పటినుంచీ మంచమే. టైర్ల కొట్టు పైన ఒకటే గది వాళ్ళది, కింద గాలి కొట్టే మోతకి ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆయన లైటు బిగించే పాత క్లాంపు ఒకటి మంచం పట్టెకి బిగించి, దానికి ఫోను తగిలించుకుని, పెళ్ళాం నిలబడే సీరియలు చూసేవాడు. లైటు సరిగ్గా పెట్టలేదని రోజూ ఎవరో ఒకరిని తిట్టేవాడట. ఆమె ఆ తిట్లు మర్నాడు సెట్టుకి మోసుకొచ్చి అందరినీ నవ్వించేది.

నిరుడు కంపెనీవాళ్ళు మమ్మల్నందరినీ పిలిచి, టీవీలో వేయడం ఆపేస్తున్నాం, ఇక అంతా ఫోన్లోనే అన్నారు. జనం బస్సులో నిలబడి, వరసలో నిలబడి, ఒంటి చేత్తో ఫోను నిలువుగా పట్టుకుని చూస్తున్నారట. కాబట్టి సీరియలు కూడా నిలువుగా ఉండాలి. ఒక్కో ముక్క నిమిషమున్నర. మూడు ముక్కలకొక ప్రకటన. అది చాలదన్నట్టు సీన్లో గోడ మీద కూడా ప్రకటన. ఆ గోడ బొమ్మ అందరికీ ఒకేలా ఉండదు. చూసేవాడు నిన్న ఫోన్లో ఏం వెతికాడో దాన్నిబట్టి మారుతుంది. అదే హాలు, అదే గోడ, మా అల్లుడికి మోటారుసైకిలు కనబడుతుంది, నాకు మోకాళ్ళ నూనె కనబడుతుంది.

షూటింగు మాత్రం పాత కెమెరాలతో అడ్డంగానే. దాన్ని నిలువుగా కొయ్యడం నా ఉద్యోగమైంది. బొమ్మ మీద నిలువుగా ఒక పెట్టె ఉంటుంది. పెట్టెలో పడ్డదే ఫోన్లో కనబడుతుంది, మిగతాది గాలికి పోతుంది. మాట్లాడే మొహం ఎక్కడుందో కంప్యూటరే వెతుక్కుని పెట్టెను అటు లాక్కుపోతుంది. అది తప్పుతోవ పడితే నేను సరిదిద్దాలి. గుమ్మం అక్కకి మాటలు లేవు. కాబట్టి కంప్యూటరు ఒక్కసారి కూడా ఆమె వైపు చూడలేదు.

ముందు కనిపెట్టింది వాళ్ళాయనే. ఇవాళ నీ మోచెయ్యి వచ్చిందే అన్నాడట మొదటిరోజు. మర్నాడు భుజం. ఆ తరవాత అదీ లేదు. ఆమె నా గదికి వచ్చి, ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చుని, చూపించమంది. చూపించాను. పెట్టె హీరోయిన్ మీద నిలబడింది, అక్కడి నుంచి అత్త మీదికి దూకింది, మళ్ళీ హీరోయిన్. చీకటి చేసిన పక్క భాగంలో ఆమె పెదవి మడిచి నిలబడి ఉంది. ఈ ముక్కలో కూడా బాగానే చేశాను కదూ అని మాత్రం అడిగింది. బాగా చేశావక్కా అన్నాను. నిజంగానే చేసింది.

ఆ వారమే మేకప్ అతను ఒక పుకారు మోసుకొచ్చాడు. ఫోన్లో మొహం కనబడనివాళ్ళను నెలాఖరుకి తీసేస్తారట. ఆ మాట విన్నప్పటినుంచీ గుమ్మం అక్క కాలుకాలిన పిల్లి అయింది. యాభై రెండేళ్ళ వయసు. కుట్టుపనికి చూపు ఆనదు. ఇంట్లో లేవలేని మనిషి. ఇంకో సీరియలు కోసం తిరగాలంటే మొహం చూపించాలి, ఈ మొహం ఏ సీరియల్లో చూశామో వాళ్ళకి గుర్తు రావాలి. ఎవరికి గుర్తు వస్తుంది?

సెట్టు నేల మీద ఎవరు ఎక్కడ నిలబడాలో రంగు టేపులు అంటించి ఉంటాయి. ఆమెది పసుపు. ఒకరోజు పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, ఆ పసుపు టేపు పీకి, పెట్టెలో పడేలా హీరోయిన్ వైపు రెండడుగులు లోపలికి అంటించింది. ఏమీ ఎరగనట్టు అక్కడ నిలబడింది. లైట్లన్నీ పాత చోటుకి కట్టినవి. ఆమె నీడ తిన్నగా హీరోయిన్ చెంప మీద పడింది. మధ్యాహ్నం దాకా ఎవరూ గమనించలేదు. నాలుగు సీన్లు మళ్ళీ తీయాల్సొచ్చింది. లైటుమనిషి పెళ్ళానికి నీడ సంగతి తట్టలేదంటే ఆమె ఎంత కంగారులో ఉందో చూడండి. డైరెక్టరు అరవలేదు. అమ్మా, పదకొండేళ్ళ మర్యాద నిలుపుకోండి అన్నాడు. ఆమె తల వంచుకుని తన టేపు తనే పీకి పాత చోట అంటించుకుంది. అది చూస్తుంటే నాకు డైరెక్టరు మీద, కంపెనీ మీద, ఫోను కనిపెట్టినవాడి మీద ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం మళ్ళీ నా గదికి వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"తమ్ముడూ, ఆ పెట్టెని నువ్వు చేత్తో జరపొచ్చుట కదా."

"జరపొచ్చక్కా. కానీ..."

"ఒక్కసారి నా మీద పెట్టు. ఒక్కసారి చాలు. నేనూ ఉన్నానని వాళ్ళకి తెలియాలి కదా."

వద్దని చెప్పడానికి నా దగ్గర సవాలక్ష కారణాలు ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టాను. పైగా మంచి సీను ఒకటి చేతిలో ఉంది. కోడలు తన బిడ్డ పోయిన సంగతి ఇంట్లో వాళ్ళకి చెబుతుంది. వింటున్న గుమ్మం అక్క మొహంలో రక్తం ఇంకిపోతుంది, తలుపు మీది చెయ్యి మెల్లగా కిందికి జారుతుంది. కోడలి గొంతు వినబడుతుండగా పెట్టెను ఆమె మీదికి జరిపాను. పదకొండు సెకన్లు ఉంచాను. ఆ ఏడాదంతటిలో నేను చేసిన మంచి పని అదొక్కటేనని అనుకున్నాను. ఇప్పటికీ ఆ సీను అలాగే కొయ్యాలంటాను.

అది ఫోన్లలోకి వెళ్ళిన రోజు వాళ్ళాయన ఆ ముక్కను ఎనిమిదిసార్లు చూశాడట. కింద టైర్ల కొట్టువాళ్ళను పైకి పిలిపించి చూపించాడట. ఆమె మర్నాడు నాకు ఈ సంగతి చెబుతూ మధ్యలో ఆగిపోయి, కళ్ళు తుడుచుకుని, వెళ్ళి తన పసుపు టేపు మీద నిలబడింది.

నాలుగు రోజుల తరవాత మీటింగు. ప్రకటనల విభాగం చూసే ఆవిడను మేము గీతలావిడ అంటాం. ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక గీత ఉంటుంది. ఏ సెకనులో ఎంతమంది చూస్తున్నారో, ఏ సెకనులో ఎంతమంది వేలితో తోసేసి వెళ్ళిపోయారో ఆ గీత చెబుతుంది. ప్రకటన వచ్చే దాకా జనం నిలబడితేనే కంపెనీకి అన్నం. చెడ్డ మనిషి కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనగా నేను వినలేదు. ఆ రోజు గీతను గోడ మీద పెద్దగా వేసి, ఒక గొయ్యి చూపించింది. పదకొండు సెకన్ల వెడల్పు గొయ్యి. మాట్లాడే మనిషి కనబడకపోయేసరికి జనానికి ఓపిక చాలలేదు. చూస్తున్నవాళ్ళలో సగం మంది అక్కడే వెళ్ళిపోయారు. వెనకాలే రావాల్సిన ప్రకటనను చూసినవాళ్ళు లేరు.

"ఈమె ఎవరండీ?" అని అడిగింది గీతలావిడ.

అప్పుడు అర్థమైంది నాకు. ఆవిడ దగ్గర పాత్రల జాబితా ఉంది. ఎవరి మొహం దగ్గర జనం ఆగుతున్నారో, ఎవరి దగ్గర ఆగడం లేదో అందులో ఉంది. గుమ్మం అక్క ఆ జాబితాలోనే లేదు. లేని మనిషిని తీసేయాలని ఎవరికీ తోచదు. పుకారు ఉత్త పుకారే. నోరుమూసుకుని ఉంటే ఇంకో పదేళ్ళు ఆ తలుపు పక్కన ఎవరి కంటా పడకుండా గడిచిపోయేది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వాళ్ళ ముందు నిలబెట్టింది నేను.

పెట్టె అటు ఎందుకు వెళ్ళిందని డైరెక్టరు నన్ను అడిగాడు. కంప్యూటరు పొరపాటండీ అన్నాను. గొంతు కూడా వణకలేదు. నాకూ ఉద్యోగం కావాలి కదా అని సర్దిచెప్పుకున్నాను. ఇంతకన్నా సిగ్గుపడాల్సిన పని నా జీవితంలో ఇంకొకటి చెయ్యలేదు.

గుమ్మం పాత్రను చంపేద్దామన్నారు. రచయిత రెండు రోజుల్లో చావు సీను రాసిచ్చాడు. తీయడానికి కూర్చున్నాక చిక్కు వచ్చి పడింది. పడుకున్న మనిషి నిలువు తెరలో పట్టదు. తల పెడితే కాళ్ళు రావు, మధ్యలో పెడితే పొట్ట ఒక్కటే వస్తుంది. చివరికి గోడకి ఫొటో పెట్టేద్దాం, ఫొటో అయితే నిలువుగానే ఉంటుంది అని తేల్చారు. చచ్చిపోయే అవకాశం కూడా ఆమెకి దక్కలేదు. ఫొటో తీయించుకోవడానికి ఒక్క పూట రమ్మని మేనేజరు కబురు పెట్టాడు.

వచ్చింది. తెల్లటి గుడ్డ ముందు కూర్చోబెట్టి నాలుగు ఫొటోలు తీశారు. సరిగ్గా మధ్యలో కూర్చుంది. అయిదు నిమిషాల్లో అయిపోయింది. మొహానికి వేసిన రంగు తుడుచుకోకుండానే నా గదికి వచ్చి స్టూలు మీద కూర్చుంది. అందరికీ చెప్పి వెళ్దామని వచ్చానంది. నువ్వొక్కడివే నా కోసం ఏదో ఒకటి చేశావు తమ్ముడూ అంది.

చెప్పేశాను. జాబితాలో ఆమె లేదని, పుకారు నిజం కాదని, గీతలో గొయ్యి నేను జరిపిన పెట్టె వల్ల పడిందని, అడిగితే కంప్యూటరు మీద తోసేశానని, అన్నీ చెప్పేశాను. చెప్పేస్తే నా గుండె తేలికవుతుందనుకున్నాను. అది నా కోసం చేసుకున్న పని, ఆమె కోసం కాదు.

గుమ్మం అక్క నా వైపే చూస్తూ అడిగింది.

"అంటే, నేను నిన్ను అడక్కపోతే నన్ను ఉంచేవాళ్ళా?"

అబద్ధం ఆడాల్సిన చోటు అదొక్కటే. మీటింగులో అంత చక్కగా ఆడినవాడికి అప్పుడు చాతకాలేదు.

"ఉంచేవాళ్ళక్కా."

కింది పెదవి లోపలికి మడిచింది. అన్నేళ్ళూ తెర మీద చూసింది నటన అనుకున్నాను. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి, తలుపు దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ ఒక చెయ్యి ఆనించి ఆగింది.

"ఎక్కడైనా నిలబడే పని ఉంటే చెప్పు తమ్ముడూ. మాటలు వద్దు. మొహం కనబడకపోయినా పర్లేదు."

చెబుతానక్కా అన్నాను.