టిక్కుటిక్కు మేష్ట్రు

బాగేపల్లిలో రిటైరైన సైన్సు మేష్ట్రు ఒకాయన ఉండేవారు. రేడియేషన్ ఎంత ఎక్కువుంటే అంత గబగబా టిక్కుమనే చిన్న మిషను ఎప్పుడూ చేతిలోనే. హోటల్లో ఇడ్లీ వచ్చినా ముందు దానికి మిషను చూపించి, తర్వాతే చట్నీ అడిగేవారు.

బస్టాండులో వేయించిన శెనక్కాయలమ్మే ఆమె, క్యాన్సరుకు బెంగళూరులో రేడియేషన్ చేయించుకుని వచ్చింది. ఇక్కడ దాన్ని కరెంటు పెట్టడమంటారు. ఆ కరెంటు శెనక్కాయలకు అంటుతుందని జనం కొనడం మానేశారు. ఆమె ఇల్లు గడిచేది వాటితోనే.

ఒకరోజు నేను పక్కనుండగానే మేష్ట్రు ఆమె చేతి దగ్గర మిషను పెట్టారు. ఎప్పటిలాగే ఆగి ఆగి టిక్కుమంది.

"ఏముండాదప్పా ఈమెలో? నా బట్టతలకూ ఇంతే."

ఎదురుగా గ్రానైటు బండ మీద కూర్చున్న పెద్దమనుషులు నవ్వారు. "మీ మిషనుకే జబ్బు చేసిండాదేమో మేష్ట్రూ!"

ఆయన మిషనును ఆ బండకు ఆనించారు. అది గబగబా టిక్కుటిక్కుమంది. అందరూ ఒక్క గెంతులో లేచారు.

"కూర్చోండప్పా, రాతిలో పుట్టుకతో ఉండే ఈ రవ్వంతకు ఏమీ కాదు, భూమంతా ఉండేదే" అని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ కూర్చోలేదు. నిలబడే శెనక్కాయలు కొనుక్కుని తిన్నారు.

"భయం పోలేదు కదా మేష్ట్రూ, ఆమె మీద నుంచి బండ మీదికి మారిందంతే" అన్నాను.

"మారనీలేప్పా. బండకేమన్నా సంసారం ఉండాదా?"