నూకరత్నం చెప్పమన్న మాట

పదమూడేళ్లుగా ఒక్క అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానో తెలియదు. మీరు నన్నెరగరు కనకేమో.

అప్పుడు నేను అమలాపురంలో కొత్త ప్లీడరును. తల్లీతండ్రీ కలరాతో పోయిన తొమ్మిదేళ్ల నూకరత్నం తరఫున మాట్లాడమని కోర్టు నన్ను నియమించింది. సఖినేటిపల్లిలో చేపలమ్ముకునే మంగమ్మ ఆ పిల్లను రెండేళ్లుగా సాకుతోంది. ఉప్పలగుప్తంలో ఉండే పెదనాన్న ఇప్పుడొచ్చి, పిల్లను తనకప్పగించమన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో నేను అడగలేదు.

విచారణ రోజున వరండాలో పిల్ల పక్కన కూర్చున్నాను.

"నీకెక్కడ ఉండాలనుందమ్మా?"

"మంగత్త దగ్గరేనండి. పెదనాన్నగారింటికి ఎల్లనండి. కొడతారండి."

"నిన్ను కొట్టేరా?"

"ఆయ్. అమ్మోళ్ల దినాలకి ఎల్లినప్పుడండి. గదిలో పెట్టి గొళ్లెం కూడా ఏసేరండి." నా వైపు తిరిగి అడిగింది. "జడ్జిగారికి మీరు చెబుతారాండీ?"

"చెబుతానమ్మా."

పిల్లను వరండాలోనే ఉంచి లోపలికెళ్లాను. జడ్జిగారు కాగితాల మీంచి తల ఎత్తకుండానే, పిల్ల ఏమంటోందని అడిగారు. లేచాను. "పెదనాన్న దగ్గరికి వెళ్లడం సమ్మతమేనండి" అన్నాను. పిల్లను పెదనాన్నకే అప్పగించారు.

ఎందుకన్నాను? ఆయన రక్తసంబంధీకుడు, ఇల్లూ పొలమూ ఉన్నవాడు, మంగమ్మ ఏమీ కానిది, పిల్ల బాగు కోరే అలా అన్నానని ఒకరోజు అనుకుంటాను. మర్నాడు అది నమ్మబుద్ధి కాదు. జడ్జిగారి విసుగుకు జంకానా? తొమ్మిదేళ్ల పిల్ల మాట అసలు మాటే కాదనుకున్నానా? తేలదు.

నిరుడు సఖినేటిపల్లి రేవులో పడవెక్కితే, చంటిబిడ్డతో ఉన్న ఒకమ్మాయి నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. నూకరత్నమే. పెదనాన్న కొట్టిన దెబ్బకి ఎడమ చెవి పోయిందట. మంగమ్మ మంచాన పడి కబురంపినా వెళ్లనివ్వలేదట. మంగమ్మ నూకరత్నాన్ని మళ్లీ చూడకుండానే పోయింది.

నా మొహం చూసి తనే ఓదార్చింది. "మీరు చెప్పేరు కదండీ. జడ్జిగారే ఇనలేదు. మీరు మాత్రం ఏం చేత్తారండీ?"

జరిగి నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. నర్సాపురం ఒడ్డు ఇంకా దూరంగానే ఉంది. చెప్పడానికి కావలసినంత వ్యవధి ఉంది. చంటివాడి పేరేమిటని అడిగాను.

ఆమెకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను. ఇది చాలదని తెలుసు. జడ్జిగారు వినకపోవడం కాదు. నేను చెప్పలేదు. ఇలా రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఎందుకు ఆడాలో, అదీ అర్థం కావడం లేదు.