రబ్బరు గ్లౌజులూ రెండు వేల వోల్టులూ

నాకు ముక్కు మీద కోపమని మా ఖుర్సీపార్ గల్లీ అంతా ఎరుగును. ఆ రోజు మాత్రం అది హద్దు దాటింది.

అమ్మకు ఊపిరితిత్తులు బాగోలేవు. ఇంట్లో గాలి నుంచి ఆక్సిజన్ తీసే మిషను తిరిగితేనే ఆవిడకు రోజు గడుస్తుంది. జనవరిలో అది మొరాయించింది. సుపేలా బజారులో నేను సర్క్యూట్ బోర్డులు రిపేరు చేస్తాను కనక లోపం త్వరగానే పట్టుకున్నాను. ఆక్సిజన్ కొలిచే చిప్పు పోయింది. వెతగ్గా వెతగ్గా ఆన్‌లైన్లో ఒకే ఒక్కటి దొరికింది. అది వచ్చేదాకా మూడు రోజులు అద్దె సిలిండరు. అది అయిపోతుందేమోనని బాగా తగ్గించి పెట్టేవాళ్లం. అమ్మ రెండు ముక్కలు మాట్లాడి, ఆగి, ఊపిరి అందుకుని, మళ్లీ రెండు ముక్కలు మాట్లాడేది.

పార్సిల్ వచ్చినప్పుడు నేను స్నానానికి వెళ్లాను. వచ్చి చూద్దును కదా, నాన్న చిప్పును దాన్ని కాపాడే వెండిరంగు సంచిలోంచి తీసి ప్లాస్టిక్ పళ్లెంలో పెట్టేశారు. ఒంటిమీద ఉన్ని స్వెట్టరు, చేతులకు రబ్బరు గ్లౌజులు, కాళ్లకింద రబ్బరు చాప. ఉక్కు ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా రిటైరైన మనిషి మరి.

"నాన్నా, ఏటి చేసేవు?"

"నీకు సాయంగా ఉంటాదని తీసి ఉంచినాను. రెండు వేల వోల్టులు తట్టుకుంటాదని దీంతో వచ్చిన కాయితంలో ఉంది కదేటే. మేము నాలుగొందల నలభైకే దణ్ణం పెట్టీవోళ్లం. ఇది గట్టి సరుకే."

ఆయన పనిలో మనిషికి భూమితో సంబంధం తెగాలి. నా పనిలో మనిషిని భూమికి కట్టేయాలి. అందుకే మణికట్టుకు వైరున్న పట్టీ వేసుకుంటాను. ఎండు చలిలో ఉన్ని తొడుక్కుని నాలుగడుగులు వేస్తే చాలు, ఒంట్లో రెండు వేలకు మించిన వోల్టులు చేరతాయి, మనకు తెలియను కూడా తెలియదు, ముట్టుకున్న చిప్పు మాత్రం చచ్చిపోతుంది. కాయితంలోని రెండు వేలు మనిషి వేలి నుంచి రెప్పపాటులో దూకే నిప్పురవ్వకు పెట్టిన లెక్క. అదీ చిప్పుకున్న అన్ని లోహపు కాళ్లకూ కాదు. కింద చిన్న అక్షరాల్లో ఉంది, రెండు కాళ్లకు ఐదొందలే.

"నీ ప్లాంటు తెలివి ఇక్కడ పనికిరాదు. అమ్మ ప్రాణంతో ఆడుకున్నావు" అనేశాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. నాన్న గ్లౌజులు విప్పుతూ కూర్చున్నారు. నాకు సిగ్గేసింది, కానీ ఒప్పుకునే తీరిక లేదు.

"దాని కాళ్లు ముట్టుకున్నావా?" అని అడిగాను.

"గ్లౌజులున్నా సరే, ఒట్టి లోహం మీద చెయ్యేసీవోణ్ణయితే ఇన్నాళ్లు బతుకుదునా? సంచి వంచి పళ్లెంలోకి జార్చినాను. అంతే."

కొంచెం ప్రాణం లేచొచ్చింది. అయినా ప్లాస్టిక్ కూడా వోల్టులు పోగేసుకుంటుంది, ఆ పళ్లేన్ని నమ్మలేను. పట్టీ కట్టుకుని చిప్పును బోర్డు మీద అతికించాను. మిషను ఆన్ చేసి, ముగ్గురం దాని వంకే చూస్తూ కూర్చున్నాం. ఎర్ర దీపం ఆరి, పచ్చది వెలిగింది. అమ్మయ్య అనుకుంటూ అమ్మ గొట్టాన్ని సిలిండరు నుంచి మిషనుకు మార్చి, గాలి పూర్తిగా పెట్టాను.

కాసేపటికి అమ్మ కళ్లు తెరిచి నావైపు చూసింది.

"మీ నాన్న మీద ఇంకోపాలి గొంతు లేపినావంటే ఈ గొట్టం పీకి నీ మొహాన కొడతాను, ఏటనుకున్నావో."

మూడు రోజుల తర్వాత అమ్మ మధ్యలో ఆగకుండా అన్న మొదటి మాట అది.