రెండో గడ్డ దొరికిన రోజు

మా స్కాన్ డాక్టరమ్మ పోయిందని మొన్న పొద్దున ఆమె దగ్గర పనిచేసే నర్సు ఫోన్ చేసింది. గుండెపోటట. సూళగిరిలో మా కంపెనీ గేటు దాకా వెళ్ళినదాన్ని వెనక్కి తిరిగి హోసూరు బస్సెక్కాను. దారంతా ఏడుస్తాననుకున్నాను. ఏడుపు బదులు ఆమె చప్పట్లు గుర్తొచ్చాయి. స్కాన్ చూసి చప్పట్లు కొట్టే డాక్టర్ని మీరెవరైనా చూశారా? నేను చూశాను. అందుకే ఆమె గురించి గొంతు తగ్గించి రాయడం నా వల్ల కాదు.

మా అమ్మ బాగలూరు పక్కన గులాబీ తోటలో పని చేస్తుంది. కూలీలందరికీ రాగి సంగటి కెలికేదీ ఆమే. ఒకరోజు వీపు రుద్దుతుంటే కుడి రెక్క ఎముక కింద చిన్న బత్తాయంత గడ్డ నా చేతికి తగిలింది. కృష్ణగిరిలో డాక్టరు నొక్కి చూసి, క్యాన్సర్ కావచ్చు, కాకపోనూ వచ్చు, ముందు స్కాన్ తీయించండి అన్నారు. మాకు మొదటి సగమే వినిపించింది. ఇంటికి రాగానే అమ్మ తన కమ్మలు తీసి నా చెవులకు పెట్టి చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

హోసూరు స్కాన్ సెంటర్లో డాక్టరమ్మ తానే బయటికొచ్చింది. ఎండాకాలంలో కూడా స్వెట్టరు, దాని జేబు నిండా వేయించిన చెనక్కాయ విత్తనాలు.

"యాడమ్మా గడ్డ?"

అమ్మ చేతులు కిందికి వేసి బిగుసుకుని నిలబడింది. ఎంత తడిమినా గడ్డ దొరకలేదు.

"దాక్కునింది దొంగది! ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

"పూలు కోస్తాను. సంగటి చేస్తాను."

"ఏదీ, చేసి చూపించు."

అమ్మ సిగ్గుపడుతూనే, లేని తెడ్డును రెండు చేతులా పట్టుకుని, లేని సంగటిని కెలకసాగింది. చేతులు ముందుకు పోగానే గడ్డ పైకి లేచింది. "వచ్చె చూడు!" అని డాక్టరమ్మ ఎగిరింది. "స్కాన్ బొమ్మ సగమే చెప్తుంది, మిగతా సగం మనిషిని అడగాల" అనేది ఆమె ఎప్పుడూ.

స్కాన్ అయ్యాక అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపటికి తలుపు తోసుకుని, చప్పట్లు కొడుతూ డాక్టరమ్మ వచ్చింది.

"పాపా, ఇంకో పక్క కూడా ఉంది! ఎడమ పక్క, చిన్నది!"

అమ్మ ఘొల్లుమంది. నాకు నెత్తురు తలకెక్కింది.

"ఏంది డాక్టరమ్మా, ఒకటికి రెండైతే నీకు సంబరమా?"

"సంబరమే!" అంటూ ఆమె అమ్మను చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్ళి, స్కాన్ తెర ముందు తన కుర్చీలో కూర్చోబెట్టింది. "నీ ఒళ్ళే గదా, నువ్వే చూడు. సంగట్లో నూకలు సరిగా కలవకుంటే ఎట్లుంటుంది?"

"తెల్లగా చారలు చారలుగా ఉంటుంది."

"ఇదీ అంతే. కండ లాంటి గడ్డలో కొవ్వు చారలు. రెండు రెక్కల కిందా ఒకే చోట, ఒకే తీరు. చెడ్డగడ్డ ఇట్లా జోడీగా వచ్చి కూచోదు. ఒక్కటే ఉండింటే నాకింత ధైర్యం లేదు. ఇది క్యాన్సర్ కాదు తల్లీ!"

ఎలాస్టోఫైబ్రోమా అని పేరు చెప్పింది. చాలా అరుదట. ఏళ్ళ తరబడి చేతులతో బరువు పని చేసినవాళ్ళకు వస్తుందట. కోయక్కర్లేదు, ముక్క తీసి పరీక్షకు పంపక్కర్లేదు, నొప్పి ఎక్కువైతే అప్పుడు చూద్దామంది.

"అయితే నేను చావనా?" అంది అమ్మ.

"చస్తావు, అందరమూ చస్తాము. దీంతో కాదు."

ముగ్గురం నవ్వాం. నవ్వుతూనే నేను ఏడ్చాను కూడా. ఆమె ఇచ్చిన చెనక్కాయ విత్తనాలు ఆ తెరముందే నమిలాం. అంత రుచి మళ్ళీ ఎరగను.

ఆ తరువాత హోసూరు పోయినప్పుడల్లా అమ్మ ఆమెకు గులాబీలు తీసుకుపోయేది. పూలు అందుకోగానే ఆమె, "ఏదీ, సంగటి కెలుకు" అనేది. అమ్మ ఎంతమంది ఉన్నా కెలికేది. వీపు తడిమి, "నా జోడీ క్షేమం" అని డాక్టరమ్మ మురిసిపోయేది. మా అమ్మ ప్రాణాన్ని మాకు తిరిగిచ్చిన ఆ చేతులను నేనెలా మరిచిపోను?

మొన్న అమ్మ తోట నుంచి నేరుగా డాక్టరమ్మ ఇంటికి వచ్చింది, తానే కట్టిన మాలతో. జనం దారి ఇచ్చారు. అమ్మ రెండు చేతులూ బాగా ముందుకు చాచి మాల వేసింది. వెనక నేనున్నాను. రవిక కింద, కుడి పక్క పెద్దదీ ఎడమ పక్క చిన్నదీ, రెండూ పైకి లేచాయి. మాల వేయడం అయిపోయినా అమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు.