వసారాకు వెలేసిన డబ్బా

ఆదిలాబాద్ చలి నుంచి బాలింతను కాపాడడమంటే నన్ను కన్న మా అవ్వకు యుద్ధంతో సమానం. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన నన్నూ, నెల కూడా నిండని నా బిడ్డనూ వెనక గదిలో పెట్టి, కిటికీ సందుల్లో దూది కుక్కింది. జిన్నింగ్ మిల్లుల ఊరు కదా, దూదికి కరువా? తలుపు కింద పాత చీర. మంచం పక్కన బొగ్గుల కుంపటి. ఆ గదిలోకి దోమ రావాలన్నా అవ్వను అడగాలి.

మా ఆయన కరీంనగర్ నుంచి వచ్చి గోడకు ఒక తెల్ల డబ్బా బిగించాడు. పొగ వచ్చినా, కంటికి కనిపించని విషవాయువు చేరినా మొత్తుకుంటుందన్నాడు. అల్లుడి మాట కాబట్టి అవ్వ తలూపింది. అల్లుడు బస్సెక్కగానే ఊపడం మానేసింది.

మొదట సాంబ్రాణికి మొత్తుకుంది. సరే, పొగ కదా అనుకున్నాం. తర్వాత పొగ లేని నిప్పులకు కూడా మొత్తుకోసాగింది. అవ్వ బొగ్గులు బయట రాజేసి, పొగంతా పోయి ఎర్రబడ్డాకే లోపలికి తెస్తుంది. పొగ లేని నిప్పు మంచి నిప్పని ఆమె లెక్క. నాకూ అది సబబుగానే తోచింది. డబ్బాను వసారాలోకి తీసుకుపోతే నోరు మూసుకుంది. లోపలికి తెస్తే మళ్లీ మొదలు. దానికి ఆ గది పడడం లేదని అవ్వ తేల్చి, వసారాలో చీపురు పక్కన మేకుకు తగిలించింది.

మర్నాడు పొద్దున నా తల పగిలిపోతోంది. అవ్వ దిష్టి అన్నది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి, పారేయడానికి తలుపు తెరిచింది. చల్లగాలి తగిలి నొప్పి తగ్గింది. పేరు దిష్టి తీసినందుకు వచ్చింది, తలుపుకు రాలేదు. తలుపు మళ్లీ మూసుకుంది.

బిడ్డ మాత్రం బంగారం. ఏడుపే లేదు. పాలకు కూడా లేవడం లేదు. నాలా కాదని, బుద్ధిగల పిల్లని అవ్వ మురిసిపోయింది.

మధ్యాహ్నం మా ఆయన వచ్చి, డబ్బా వసారాలో ఎందుకుందని అడిగాడు. లోపల ఒకటే ఏడుస్తుందని, ఇక్కడ కుదురుగా ఉంటుందని అవ్వ మెచ్చుకోలు కోసం చూస్తూ చెప్పింది. ఆయన గదిలోకి దూరి బిడ్డను ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు. అత్త ముందు గొంతు పెంచని మనిషి, కుంపటి బయట పడేయమని అరిచాడు. నేను గోడ పట్టుకుని వెనకే వచ్చాను.

బిడ్డ తల ఆయన భుజం మీద వాలిపోయి ఉంది. అంత భయం నాకు పురిటి నొప్పుల్లో కూడా వేయలేదు. అవ్వ బిడ్డ అరికాళ్లు రుద్దుతోంది. ఏడవని పిల్ల అని మురిసిన నోటితోనే బతిమాలుతోంది.

"ఏడువు బిడ్డా. జర ఏడువు."

ఆటో ఆస్పత్రి చేరేలోపు బిడ్డ ఏడ్చింది. డాక్టరమ్మ మా ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టించి, మూసిన గదిలో పొగ లేని బొగ్గులే ఆ విషవాయువు వదులుతాయని చెప్పి, డబ్బాను తప్ప ఇంట్లో అందరినీ కడిగిపారేసింది.

ఇప్పుడు కుంపటి లేదు, దూది లేదు. డబ్బా తిరిగి గోడెక్కింది. పని చేస్తుందో లేదోనని అవ్వ వచ్చిపోతూ దాని మీట నొక్కుతుంది. ఆ మోతకు బిడ్డ కూడా లేచి అందుకుంటుంది. చూడవచ్చిన చుట్టాలు చెవులు మూసుకుంటారు.

"ఏడ్వనియ్యుండ్రి," అంటుంది అవ్వ. "గీ రెండు ఏడిస్తేనే నాకు నిమ్మళం."