నా నికెల్ తీసిన నూనె

ఆ ఏడాది మా కాలేజీ యాజమాన్యానికి హఠాత్తుగా జ్ఞానోదయమైంది. పీహెచ్‌డీ లేని లెక్చరర్లు వేసవి సెలవుల తర్వాత రానక్కర్లేదన్నారు. అమలాపురంలో పన్నెండేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్న నా తెలివి ఒక్క సర్క్యులర్‌తో చాలకుండా పోయింది.

నా పీహెచ్‌డీ పరిశోధన చెక్క వ్యర్థాల నుంచి నూనె తీయడం. రంపపు పొట్టుని గాలి తగలకుండా బాగా వేడిచేసి, వచ్చిన పొగని చల్లారిస్తే నల్లటి నూనె దిగుతుంది. దాన్ని బాగుచేయడానికి ఉత్ప్రేరకం కావాలి. జియోలైట్ అని, కంటికి కనబడని చిల్లులుండే తెల్లపొడి; దాన్ని నికెల్ ఉప్పు కరిగించిన నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, కొలిమిలో కాల్చాలి. నెలల తరబడి అదే పని. ఇంట్లో పప్పు మాడినా పట్టించుకోలేదు గాని, ఆ బూడిదరంగు పొడిని మాత్రం కళ్లకద్దుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

అంబాజీపేటలో మా నాన్నగారి స్నేహితుడికి కోత మిల్లు, పక్కనే కొబ్బరినూనె మిల్లు ఉన్నాయి. పొట్టు కావాలని, అందులోంచి నూనె తీస్తానని చెబితే ఆయన నా వంక జాలిగా చూసి, "ఆయ్, పంపిస్తానండి" అన్నారు. మర్నాడే బస్తా దిగింది. కొబ్బరినూనె వాసన వేసింది గాని, అంబాజీపేట నుంచి వచ్చింది ఏది వేయదు?

మొదటిసారే గ్లాసుడు నూనె, పచ్చగా, తేటగా! మా గైడుగారు ఫోన్లోనే నన్ను "డాక్టరుగారూ" అనేశారు. నేనూ కాదనలేదు. ఉత్ప్రేరకం వేయకుండా కూడా చేసి పోల్చుకోవాలని పిల్లలకి చెప్పేది నేనే. అంత గొప్ప పొడికి ఆ అవమానం ఎందుకని, పట్టాకి ముందు అందరి ఎదుటా ఫలితాలు చెప్పాల్సిన సెమినార్ వారంలోకి వచ్చేదాకా చేయలేదు.

చేశాను. అంతే నూనె వచ్చింది.

మిల్లుకి పరుగెత్తాను. పెద్దాయన కుర్చీ వేయించి, బొండం కొట్టించి, తాపీగా చెప్పారు: "నూనె మిల్లులో కింద కారిందాన్ని పీల్చుకోడానికి పొట్టు చల్లుతామండి. ఉత్త పొట్టులో మీకేం వస్తుందండి, అమ్మాయిగారూ? ఇబ్బంది పడతారని, బాగా నూనె పట్టిందే ఏరించి పంపేను."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, కొబ్బరికాయ ఇచ్చిన నూనెకి నా నికెల్ పేరు కొట్టేసింది. కోత మిల్లు నుంచి ఉత్త పొట్టు తెచ్చి చేస్తే పొగ కంపు కొట్టే నల్లనీళ్లు చెంచాడు వచ్చాయి. గైడుగారికి చెబితే, "మీకూ ఆయనకీ తప్ప ఎవరికి తెలుసండీ?" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. నచ్చినందుకు చాలా సిగ్గేసింది.

సెమినార్‌లో ఉన్నదున్నట్టు చెప్పేశాను. నిజాయితీని అందరూ మెచ్చుకుని, మళ్లీ మొదలుపెట్టమన్నారు. కాలేజీ మాత్రం మాట తప్పలేదు. సెలవులయ్యాక నా కుర్చీలో వేరే ఆవిడ కూర్చుంది.

ఆ వారమే పెద్దాయన ఫోన్ చేశారు. "పట్టా వచ్చేసిందాండీ?"

"లేదండి, బాబాయిగారూ. ఉద్యోగం కూడా పోయింది."

ఆయన గొంతు తగ్గించి, "తప్పంతా నాదేనమ్మా," అన్నారు, "ఇంకో డబ్బా నూనె పోసి పంపవలసింది."