మిరపకాయల గీత

రిటైరై ఇన్నేళ్ళయినా నేను రోజూ పొద్దున పదిలోపు హాజరు వేయించుకుంటున్నాను. జీతం లేదు, కుర్చీ లేదు, లేటయితే మాత్రం చీవాట్లు ఉన్నాయి.

పాల్వంచలో ఒకే బ్యాంకు బ్రాంచిలో పనిచేసి రిటైరైన పద్నాలుగు మందికి ఫోనులో ఒక గ్రూపు ఉంది. దాన్ని నడిపేది మా పాత మేనేజరు సారు. బ్రాంచిలో ఉన్నప్పుడు ఆయన పది దాటగానే హాజరు పుస్తకం తెప్పించుకుని, చివరి సంతకం కింద స్కేలు పెట్టి ఎర్ర గీత గీసేవారు. గీత కింద సంతకం పెడితే లేటు. ఆ స్కేలు ఏమైందో గానీ, అలవాటు మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు.

మాలో ఒకాయన పోయిన సంగతి మాకు దినాలు అయిపోయాక తెలిసింది. సారు చాలా బాధపడ్డారు. మర్నాడే ఆర్డరు వేశారు: ప్రతి ఒక్కరూ పదిలోపు గ్రూపులో 'హాజరు' అని రాయాలి. పది కాగానే, ఫోనులో గీత గీయడం చేతగాక, ఎర్ర మిరపకాయల బొమ్మలు వరుసగా పెడతారు. ఆ వరుసకి పైన లేనివాళ్ళకి ఫోను చేస్తారు. ఎత్తకపోతే దగ్గర్లో ఉన్నవాళ్ళని ఇంటికి తోలతారు.

మొదట్లో నాకు ఒళ్ళు మండింది. ఒకసారి తలంటు పోసుకుంటూ ఆలస్యం చేశాను. తల తుడుచుకుంటూ తలుపు తీస్తే, నాలాగే ఖమ్మంలో ఉండే మా పాత అటెండరు హెల్మెట్టు కూడా తీయకుండా నిలబడి ఉన్నాడు.

"మంచిగనే ఉన్నరా మేడం?"

"చూస్తే ఎట్ల కనపడుతున్న?"

అతను నా ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. తడి జుట్టుతో దయ్యంలా ఉన్నాను. మిగతా పదమూడు మందీ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ఇక నా పక్క కౌంటరులో పనిచేసినాయన సంగతి. ఆయన్ని నేను అన్నా అని పిలుస్తాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు అశ్వారావుపేట నుంచి బస్సులో వచ్చేవాడు. ఆ బస్సు ఏనాడూ వేళకి చేరిన పాపాన పోలేదు. అందుకని ఎర్ర గీత పడకముందే అన్న సంతకం నేనే పెట్టేదాన్ని. ఆ పొట్టి సంతకం ఆయనకన్నా నాకే బాగా వచ్చేది. సారు అడిగితే "ఇప్పుడే చాయ్‌కి పోయిండు సార్" అనేదాన్ని. ఎండాకాలంలో అన్న తునికి పండ్లు తెచ్చి నా డ్రాయరులో పెట్టి ఆ రుణం తీర్చుకునేవాడు.

వదిన పోయాక అన్న తన పామాయిల్ తోటలోనే గది వేసుకుని ఒక్కడే ఉంటున్నాడు. సిగ్నలు కావాలంటే రోడ్డు దాకా నడవాలి. ఒకరోజు ఆ రోడ్డు మీంచే ఫోను చేశాడు.

"చెల్లె, పొద్దుగాల ఫోను పట్టుకొని గింత దూరం నడుసుడు నాతోని కాదు. వెనకటి లెక్క నాది గూడ నువ్వే పెట్టు."

"సారుకు తెలిస్తే?"

"అప్పుడు తెల్సిందా ఏంది?"

నాకు భలే సరదా వేసింది. ఈ వయసులో దొంగ హాజరు వేసే భాగ్యం ఎవరికి దొరుకుతుంది? రోజూ నా హాజరు కింద 'అన్న కూడా హాజరు, ఇప్పుడే మాట్లాడాను' అని రాసేదాన్ని. నమ్మకం కుదరాలని ఒకరోజు 'కాస్త జలుబు చేసిందట' అని కలిపాను. ముగ్గురు కషాయాలు రాసి పంపారు.

ఒక గురువారం కూడా అలాగే రాశాను. సారు మిరపకాయలు పెట్టారు. మధ్యాహ్నం అన్న నంబరు నుంచి ఫోను వస్తే, మాట్లాడింది తోటలో గెలలు కోసే కూలీ. అన్న పొద్దున్నే కాలవ దాటుతూ జారిపడ్డాడట. తుంటి విరిగిందట. ఫోనేమో గదిలో ఉండిపోయింది. వాళ్ళు గెలల కోసం వచ్చి చూసేసరికి రెండు దాటిందట. కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోతున్నామన్నాడు. నేను వెంటనే సారుకి ఫోను చేశాను.

మర్నాడు సారూ నేనూ కొత్తగూడెం బస్సెక్కాం. దారిలో అంతా చెప్పేశాను.

"ఆ పొట్టి సంతకం నీదని నాకు అప్పుడే తెలుసమ్మా. తప్పు బస్సుది గదా అని ఊకున్న," అన్నారు సారు. "గిది గట్ల గాదు."

తిడితే బాగుండేది.

సత్తుపల్లి నుంచి వచ్చిన కూతురు అన్న మంచం పక్కన కూర్చుని ఉంది. నన్ను చూడగానే అన్న నవ్వాడు.

"పడ్డంక నేను భయపడలే చెల్లె. పదైతది, సారు మిరపకాయలు పెడ్తడు, నేను లేనని ఎవరినన్న తోల్తడు అనుకున్న. ఎండ నెత్తి మీదికొచ్చినంక యాదికొచ్చింది, నా హాజరు నువ్వు ఏసేసి ఉంటవని."

అది చెప్పి మళ్ళీ నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"నేనే గదా ఏయమన్న," అన్నాడు.

మర్నాడు నేను పదయ్యేదాకా కావాలనే ఆగాను. మిరపకాయల వరుస పడింది. దాని కింద నా హాజరు, ఆ కింద నేను చేసిన నిర్వాకమంతా రాశాను. రెండు నిమిషాలకి నా కింద ఇంకో 'హాజరు' వచ్చింది. అది అన్న హాజరు, తన చేత్తో రాసింది. తొమ్మిదింటి నుంచీ ఫోను పట్టుకునే ఉన్నాడని, నేను రాసేదాకా ఆగాడని తర్వాత కూతురు చెప్పింది.

సారు ఇద్దరికీ లేటు వేశారు.